పదో క్లాసు రాగానే పియానో మూసేద్దామా?

మొన్న శుక్రవారం రువీలో ఒకరింట్లో భోజనాలయ్యాక ఆడవాళ్లమంతా కూర్చున్నాం. "మా పాపకి ఐదో గ్రేడ్ అయిపోయింది వదినా, వచ్చే ఏడు పదో క్లాసు. ఇంక పియానో ఆపేస్తున్నాం. సర్టిఫికెట్టు వచ్చిందిగా, చాలు" అందొకావిడ. అందరం తలలూపాం. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక నాకే సిగ్గేసింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన పిల్లలు పరీక్షకి తయారయ్యే పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. హైడెన్, మోజార్ట్ ఉంటే క్లాసికల్ అంటారు, షూబర్ట్, షూమన్ ఉంటే రొమాంటిక్ అంటారు. రొమాంటిక్ అంటే ప్రేమ పాటలేమో అనుకున్నాను చాన్నాళ్లు! తర్వాత చదివితే తెలిసింది, ఆ మార్పులో సగం సంగతి జీతం ఎవరిస్తున్నారన్న దాంట్లోనే ఉందని.

హైడెన్ దాదాపు 30 ఏళ్లు ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేశాడు. నౌకర్ల లాగే యూనిఫాం వేసుకుని, ప్రభువు అడిగింది రాసిచ్చేవాడు. ఆ కాలపు సంగీతం చుక్కల ముగ్గులా ఉంటుంది, ఎక్కడ మొదలై ఎక్కడ కలవాలో లెక్క తప్పదు. తర్వాత బీథోవెన్ వచ్చాడు. మన త్యాగయ్య పుట్టింది 1767లో, ఈయన 1770లో. త్యాగయ్య రాజు కొలువు వద్దని ఉంఛవృత్తి చేసుకున్నారని మనం చెప్పుకుంటాం కదా, వియన్నాలో ఈయన కూడా కొలువు ఉద్యోగం లేకుండానే బతికాడు. కొందరు ప్రభువులు సాయం చేశారనుకోండి, అచ్చయిన పుస్తకాల మీదా కచేరీల మీదా కూడా డబ్బొచ్చేది. అరగంట సింఫనీకి అలవాటు పడ్డ జనాన్ని 1805లో తన మూడో సింఫనీతో ముప్పావు గంట దాటి కూర్చోబెట్టాడు. అందరికీ నచ్చిందేం కాదు.

నాకు మాత్రం ఈ మార్పు బీథోవెన్ దగ్గర కంటే షూబర్ట్ దగ్గర బాగా అర్థమైంది. 1814లో, 17 ఏళ్ల కుర్రాడు, రాట్నం ముందు కూర్చున్న గ్రెచెన్ అనే పిల్ల మీద పాట కట్టాడు. పియానోలో కుడిచెయ్యి రాట్నంలా తిరుగుతూనే ఉంటుంది. ఆ పిల్లకి అతని ముద్దు గుర్తొస్తుంది, రాట్నం ఆగిపోతుంది. మళ్లీ తడబడుతూ, ఒకటి రెండు సార్లు ఆగి ఆగి మొదలవుతుంది. అంతే పాట. స్టవ్ మీద పాలు పెట్టి ఊళ్లో అమ్మని తలుచుకుని నిలబడిపోయిన మనకి దీన్ని ఎవరైనా విడమరిచి చెప్పాలా? ప్రభువుల విందులో కాదు, ఇంట్లో నలుగురి మధ్య పాడుకునే పాట అది.

అలా సంగీతం ఇళ్లలోకి వచ్చేసింది, దాంతోపాటు పియానో కూడా. దాని ముందు కూర్చుంది ఎవరనుకున్నారు? ఎక్కువగా ఆడపిల్లలే. బీథోవెన్ మెచ్చిన పియానోలు తయారుచేసిన నానెట్ స్ట్రైకర్ కూడా ఆడదే. ఆయనకి ఇల్లు చక్కబెట్టుకోవడం చేతకాకపోతే వంటమనుషుల్ని కుదిర్చే పనీ ఆవిడ మీదే పడింది. (ఫ్యాక్టరీ నడిపినా వంటింటి లెక్క తప్పలేదు చూశారా!)

ఫానీ మెండెల్సన్ సంగతి చూడండి. తమ్ముడు ఫెలిక్స్‌తో సమానంగా నేర్చుకుంది. 14 ఏళ్లప్పుడు, 1820లో, నాన్న ఉత్తరం రాశాడు: తమ్ముడికి సంగీతం వృత్తి కావచ్చు, నీకు మాత్రం అది అలంకారమే అని. ఆవిడ పాటలు కొన్ని తమ్ముడి పేరు మీద అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ముందు ఆయన పుస్తకంలోంచే తనకి నచ్చిన పాట పాడితే, అది మా అక్కది అని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. ఫానీ సొంత పేరుతో మొదటి పుస్తకం తెచ్చింది 1846లో, 40 దాటాక. మరుసటి ఏడే పోయింది. త్యాగయ్య పోయిన 1847లోనే.

క్లారా షూమన్‌దీ అదే వరస. భర్త రాసుకుంటుంటే ఇంట్లో సాధన చేసుకునే వీలుండేది కాదు, ఆయనకి గోల అని. 8 మంది పిల్లల్ని కన్నది. భర్త జబ్బుపడి పోయాక ఇల్లు గడిచింది ఆవిడ కచేరీల మీదే.

"అలంకారం" అన్న మాట మనకి కొత్తా? పెళ్లిచూపుల్లో "ఒక పాట పాడమ్మా" అనేవాళ్లు. పెళ్లయ్యాక హార్మోనియం అటక మీదకెళ్లేది. మా పిన్నిది అలాగే వెళ్లింది. ఇప్పుడు పెళ్లిచూపుల బదులు గ్రేడ్ సర్టిఫికెట్టు వచ్చింది, అంతే తేడా.

పదో క్లాసు చిన్న విషయమని నేననడం లేదు. ఫీజులు రియాళ్లలో కట్టేది మనమే, కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందో అని దిగులు పడేదీ మనమే. కానీ అదే ఇంట్లో అబ్బాయి క్రికెట్ కోచింగ్ ఆపుతున్నారా? పరీక్షలు ఆపండి, గ్రేడ్లు ఆపండి. రోజూ ఇరవై నిమిషాలు వాయించుకోవడం మాత్రం ఆపకండి.

మనమున్న ఊరు కూడా చూడండి. సుల్తాన్ ఖాబూస్ 1985లో రాయల్ ఒమాన్ సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టించి ఒమానీ పిల్లలకి అక్షరాల దగ్గర్నించి ఈ సంగీతం నేర్పించారు. అందులో ఆడపిల్లలు కూడా వాయిస్తారు, అదే ఉద్యోగంగా. 2011లో ఖురుంలో ఒపెరా హౌస్ తెరిచారు. మనలో ఎంతమందిమి దాని మెట్ల మీద ఫొటో దిగి వచ్చేశాం? లోపల కూర్చుని విన్నవాళ్లు చెయ్యెత్తండి! చవక సీట్లు చూసుకుని, పట్టుచీర కట్టుకుని, పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క సాయంత్రం వెళ్లండి. పుస్తకంలో ఉన్న పేరు అక్కడ అరవై మంది చేతుల్లో మోగుతుంటే ఆ పిల్ల మొహం చూడండి.

రువీ ఆవిడకి నిన్న ఫోన్ చేశాను. "ఆలోచిస్తాలే వదినా, వాళ్ల నాన్నతో మాట్లాడాలి" అంది. మా అమ్మాయి మాత్రం రాత్రి ఎనిమిదింటికి కూర్చుంటోంది. కింద ఫ్లాట్ వాళ్లు ఇంతవరకూ ఏమీ అనలేదు.