ఏరు ముందా, ఇనుపదారి ముందా?

బిలాస్‌పూర్ రైలుతో పుట్టిన పట్టణమను మాట చాలకాలముగా చెల్లుబడి యగుచున్నది. వ్యాపార్ విహార్ వంటి టోకు వర్తకపు వాడలను, రైల్వే కాలనీలను చూచినవారికి అది నిజమే యని తోచును. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. కొలది యేండ్లకే ఇనుపదారి ఇచ్చటికి వచ్చినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణమే ప్రధానస్థానమైనది. ఇంతవరకు తగవు లేదు. దీనికి ముందు ఇచ్చట చెప్పదగిన దేమియు లేదనుటతోనే తగవు వచ్చుచున్నది.

తేదీలే ఈ మాటను నిలువనీయవు. బిలాస్‌పూర్ జిల్లా 1861లో ఏర్పడినది. పురపాలక సంఘము 1867లో వచ్చినది. రైలుకూత వినబడుటకు రెండు దశాబ్దముల ముందే పాలకులు ఈ యూరిని గుర్తించిరి. అంతకును ముందు అర్పానది యొడ్డున జాలరుల గుడిసెలుండెననియు, బిలాసా అను కేవట స్త్రీ పేరే ఊరికి వచ్చినదనియు స్థానికులు చెప్పుకొందురు. పాత ఊరిని నేటికిని జూనా బిలాస్‌పూర్ అందురు. జూనా యనగా పాత యని యర్థము. ఒక పట్టణము తన వయస్సును ఇంతకంటె స్పష్టముగా ఎట్లు చెప్పుకొనగలదు?

“అది కట్టుకథ, శాసనమేది?” అని పండితులడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. బిలాసా ఎప్పుడు పుట్టినది, ఏమి చేసినది అను విషయములను కథనుబట్టి నిర్ణయింపరాదు. కాని శాసనము లేనివారికి చరిత్రయే లేదనుట మఱియొక మాట. రతన్‌పూర్‌లో కలచురి రాజులు కోటను, గుళ్లను కట్టిరి. కావున వారికి చరిత్ర కలదు. 1741లో మరాఠాలు ఆ రాజ్యమును జయించిరి. దానికిని తేదీ కలదు. పడవకఱ్ఱ పుచ్చిపోవును, వల చివికిపోవును, మట్టిగోడ వానకు కరగును. జాలరులు వ్రాసిపెట్టకపోవుట వారు లేకపోవుటకు సాక్ష్యమగునా? రాజుల పేర్లను కాదని యొక జాలరిస్త్రీ పేరును ఊరు నిలుపుకొన్నదని జనము నమ్ముటయే చరిత్రకారుడు విచారింపవలసిన విషయము.

పాలకులు ఈ పేరును గౌరవింపలేదని యనరాదు. 2021లో ప్రయాణికుల రాకపోకలు మొదలైన విమానాశ్రయమునకు బిలాసాదేవి కేవట పేరు కలదు. 2019లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతముగా ప్రకటింపబడిన నరేంద్రదేవ్ వర్మ గీతము అర్పా పేరుతోనే మొదలగును. కాని యా యర్పా వేసవిలో ఇసుకమేటయై కనబడును. ఆ యిసుకను సైతము త్రవ్వి తరలించుచుండగా, నదిని కాపాడుడని హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చినది. జాలరిస్త్రీ పేరు ఆకాశమునకెక్కినది; ఆమె యేరు ఇసుకలో నింకినది. పేరుకు మ్రొక్కి నీటిని మఱచుట యెట్టి గౌరవము?

ఈ వాదము తెలుగువారికి దూరమైనది కాదు. రైల్వే కొలువులను నమ్ముకొని ఆంధ్రదేశమునుండి వచ్చి ఈ పట్టణమున స్థిరపడిన కుటుంబములు కలవు. రైలుతో పుట్టిన పట్టణమను మాట వారికి ఇంపుగా నుండుట సహజము. ఆ లెక్కను వారు తొలి పౌరులగుదురు. కాని ముందున్నవారిని చెరిపివేయుటవలన వచ్చినవారి గౌరవము పెరుగదు. వలసవచ్చిన కూలివాని చరిత్రయు కాగితములలోకంటె ముసలివారి నోళ్లలోనే యెక్కువగా నుండును. నేడు జాలరుల నోటిమాటను త్రోసివేసిన న్యాయమే రేపు పట్టాలు వేసిన కూలీల నోటిమాటకును వర్తించును.

కావున అర్పా రేవుల పేర్లను, చేపల పేర్లను, వలల రకములను, వరదల జ్ఞాపకములను తెలిసిన వృద్ధులుండగనే వ్రాసికొనవలెను. భూమిశిస్తు దస్తరములతో వానిని సరిచూడవలెను. తప్పని తేలిన కథను తప్పని చెప్పవలెను. నిలిచినదానిని చరిత్రలో చేర్చవలెను. పట్టణచరిత్రలో రైలు రెండవ అధ్యాయము. మొదటిది ఏటియొడ్డున నున్నది. ఏరు పూర్తిగా ఎండిన పిమ్మట దానిని చెప్పుటకు సాక్షులు దొరకరు.