ఎండకు విరుగుడు మాత్రలో లేదు

గ్రీష్మం అడుగుపెట్టగానే మన పట్టణాల మందుల దుకాణాలలో కొన్ని రంగురంగుల డబ్బాలు ముందు వరుసకు వస్తున్నవి. రోజుకొక మాత్ర మింగితే చర్మం నిగనిగలాడుతుందనీ, ఎండ ఏమీ చేయలేదనీ వాటిపై వ్రాతలు నమ్మబలుకుతున్నవి. ఆ మాత్రలలో ఉండే సి విటమిను, ఇ విటమిను, బీటా కెరోటిన్, సెలీనియం, గ్లూటాథయోన్ వంటి పదార్థాలకు యాంటీ ఆక్సిడెంట్లని పేరు. పుస్తకాలకూ, పరీక్ష రుసుముకూ ఉద్దేశించిన సొమ్ము వీటి పాలు కాకూడదన్న తలంపుతో, మా అభిప్రాయాన్ని తోటి విద్యార్థుల ముందూ, కళాశాల కార్యవర్గం వారి ముందూ ఉంచుతున్నాము.

ఈ మాత్రల వెనుక శాస్త్రమే లేదని మేము అనడం లేదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలోనికి చొచ్చుకొనిపోయి ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణుశకలాలను పుట్టిస్తవి. అవి చర్మపు బిగువును నిలిపే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తవి. యాంటీ ఆక్సిడెంట్లు వాటిని శాంతింపజేయగలవు. బీటా కెరోటిన్‌ను వారాల తరబడి సేవించినవారిలో ఎండకు చర్మం ఎర్రబారడం కొంత తగ్గినట్లు చిన్న పరిశోధనలు కొన్ని చూపినవి. కాని ఆ కిరణాలు ఫ్రీ రాడికల్స్ ప్రమేయం లేకుండానే, కణాలలోని డి.ఎన్.ఎ.ను సూటిగా కూడ గాయపరుస్తవి. ఆ దెబ్బను ఈ మాత్రలు అడ్డుకొనలేవు.

మాత్ర గొప్పదా, పైపూత గొప్పదా అన్న ప్రశ్నకు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు నంబూర్ పట్టణం సమాధానం చెప్పింది. 1992లో అక్కడ 1,621 మందితో ఒక పరిశోధన ఆరంభమైనది. కొందరికి ప్రతిదినం సన్‌స్క్రీన్ లేపనం పూసుకొనవలసిందిగా చెప్పి, మిగిలినవారిని వారి అలవాటుకే విడిచిపెట్టారు. అట్లే కొందరికి రోజుకు 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్రను, కొందరికి మందు లేని ఉత్త మాత్రను ఇచ్చారు. 1999లో ఫలితాలు వెలువడినవి. ప్రతిదినం లేపనం పూసుకొన్నవారిలో ఒక రకపు చర్మ క్యాన్సరు గడ్డలు సుమారు 40 శాతం తగ్గినవి. మాత్ర వలన ఏ మేలూ కనబడలేదు. చర్మం ముడతలు పడి ముదిరే తీరును గూర్చి 2013లో వెలువడిన ఫలితాలలోనూ లేపనానిదే పైచేయి. మాత్రకు మళ్ళీ శూన్యమే.

మేలు లేకపోతే పోనీ, కీడైతే లేదు గదా అని కొందరు అనవచ్చు. ఆ ధీమా కూడ తగదు. ఫిన్లాండులో పొగత్రాగే 29,133 మంది పురుషులపై జరిపిన పరిశోధనలో, బీటా కెరోటిన్ తీసుకొన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతం ఎక్కువగా వచ్చినట్లు 1994లో తేలింది. ఫ్రాన్సులో యాంటీ ఆక్సిడెంట్ల మిశ్రమాన్ని తీసుకొన్న స్త్రీలలోనే చర్మ క్యాన్సరు అధికంగా కనబడినదని 2007లో వెల్లడించారు. మాత్రలు మానిన పిమ్మట ఆ తేడా సమసిపోయింది. లేపనానికి బదులుగా పనిచేసే మాత్ర ఏదీ లేదని 2018లో అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ ప్రజలను హెచ్చరించింది.

విటమిన్లకు మేము వ్యతిరేకులము కాము. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారే. లోపం ఉన్నచోట విటమిను అమృతం. లోపం లేనిచోట అదనపు మోతాదు అదనపు ఆరోగ్యం కాదు. ఇట్టి పోషక మాత్రల డబ్బాలపై ఇది వైద్య వినియోగానికి కాదని ముద్రించవలెనని 2016 నాటి మన దేశపు నిబంధనలే చెబుతున్నవి. కొనే ముందు ఆ చిన్న అక్షరాలను చదవండి.

అన్నిటికంటె మమ్ము బాధించే విషయం మరొకటి ఉన్నది. మన చర్మానికి ప్రకృతి ప్రసాదించిన కవచం మెలనిన్ అనే వర్ణద్రవ్యం. ఆస్ట్రేలియాలోని తెల్లవారికి వచ్చినంతగా మనకు చర్మ క్యాన్సరు రాకపోవడానికి అదే ముఖ్య కారణం. గ్లూటాథయోన్ మాత్రలను అమ్మేవారు చర్మాన్ని కాపాడుతామని ఒక నోటా, మెలనిన్‌ను తగ్గించి రంగు తేలుస్తామని మరొక నోటా చెబుతున్నారు. ఆ మాట అబద్ధమైతే సొమ్ము వృథా. నిజమైతే కవచం పలుచన. ఏ విధంగా చూచినా నష్టం మనదే. నలుపును లోపంగా ఎంచే చూపు పెళ్ళిచూపుల నుండి తరగతి గది వరకు వ్యాపించి ఉన్నది. ఆ చూపును మార్చే మందు ఏ దుకాణంలోనూ దొరకదు. దానిని మనమే మార్చుకొనవలె.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన విషయంలో నిజం కాకూడదు. ఉసిరి, జామ, బొప్పాయి, మునగాకు, తోటకూర డబ్బాలలోని పోషకాలలో అనేకం ఇవ్వగలవు. అవి కూడ నీడకు ప్రత్యామ్నాయం కావు. మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్ళవలసివస్తే గొడుగు, తలపై రుమాలు లేదా దుపట్టా, నిండు చేతుల చొక్కా, స్తోమత ఉన్నవారికి లేపనం, ఇవే నిజమైన రక్షణ. మంగు మచ్చలైనా, మానని పుండైనా చర్మవైద్యునికి చూపించండి, దుకాణదారునికి కాదు.

కార్యవర్గం వారికి మా మనవి ఇది. ఆటస్థలం చుట్టూ వేప, కానుగ మొక్కలు నాటించండి. కవాతును, క్రీడలను ఎండ ముదరని వేళకు మార్చండి. రుసుము చెల్లించే కిటికీ ముందు ఒక పందిరి వేయించండి. ఏ మాత్రా ఇవ్వలేని రక్షణను ఈ మూడూ కలిసి, ఉర్దూ మాధ్యమమనీ తెలుగు మాధ్యమమనీ, పేదవారనీ కలిగినవారనీ తేడా లేకుండా అందరికీ ఇస్తవి.