కనపడని అక్షరం, రాని క్యాబ్

ముందే చెప్పేస్తున్నా, ఇందులో తప్పంతా నాదే.

మా ఆఫీసులో నైట్ షిఫ్టు వాళ్ళకి క్యాబ్‌లు కేటాయించే చిన్న ప్రోగ్రాం నేనే రాశా. పైథాన్‌లో ఓ ఫంక్షను, ఊరి పేరు ఇస్తే రూటు నంబరు చెప్తుంది. షీటు చూసేది డ్రైవర్లు కాబట్టి పేర్లు తెలుగులో ఉంటాయి. నాది రావిర్యాల, ఔటర్ రింగు రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర. నా క్యాబు రోజూ టంచనుగా వచ్చేది. అందుకే నా కోడు మీద నాకు బోలెడంత నమ్మకం :)

ఓ రోజు టెస్టింగ్ టీం అమ్మాయి బగ్ పెట్టింది, శంషాబాద్‌కి రూటు దొరకట్లేదని. నేను టెస్టులో శంషాబాద్ అని టైపు చేసి చూశా. పాస్. "నా దగ్గర బానే పనిచేస్తోంది" అని రాసి మూసేశా. రెండ్రోజులకి శంషాబాద్ వెళ్ళాల్సిన ఒకావిడ రాత్రి రెండింటికి గేటు దగ్గర అరగంట నిలబడింది. ఆవిడ పేరు ఏ డ్రైవరు షీటులోనూ లేదు.

అప్పుడు కూర్చున్నా. రావిర్యాల, తుక్కుగూడ, మామిడిపల్లి దొరుకుతున్నాయి. శంషాబాద్, పహాడీషరీఫ్ దొరకట్లేదు. "అచ్చుతో ముగిసేవి బానే ఉన్నాయండీ, పొల్లుతో ముగిసేవే పోతున్నాయి" అని పట్టుకుంది కూడా ఆ అమ్మాయే. ప్రింట్ చేస్తే రెండు శంషాబాద్‌లూ అచ్చుగుద్దినట్టు ఒకటే. లెన్ చూస్తే నాది 8, షీటులోది 9. రెప్ర్‌తో చూస్తే దొంగ దొరికాడు: చివర్లో యూ+200సీ, జీరో విడ్త్ నాన్ జాయినర్.

పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారిపోకుండా ఆపేది ఇదే. కొన్ని టైపింగ్ పనిముట్లు, ఫాంటు కన్వర్టర్లు పొల్లు కనపడితే చాలు, పదం చివరైనా సరే, దీన్ని తగిలించేస్తాయి. అడ్మిన్ వాళ్ళు ఎక్కడినుంచో కాపీ చేసి అతికించారు. నేనేమో చేత్తో టైపు చేశా. ఇక నా టెస్టు ఫెయిలెందుకవుతుంది?

"స్ట్రిప్ కొట్టలేదా" అంటారేమో. కొట్టా. యూనికోడ్ లెక్కలో ఇది స్పేసే కాదు, ఫార్మాటు అక్షరం, కాబట్టి స్ట్రిప్ ముట్టుకోదు. జావాలో ట్రిమ్ కూడా అంతే. నార్మలైజ్ చేసినా పోదు.

మా వాడొకడు "ఎక్కడున్నా పీకి పారేద్దాం, ఒక్క లైను" అన్నాడు. ఇంగ్లీషు సలహాలన్నీ ఇలాగే ఉంటాయి. దీనికి మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. రాజ్‌కుమార్ మధ్యలోంచి దాన్ని పీకితే రాజ్కుమార్ అయి కూర్చుంటాడు. పదం మధ్యలో అది చెత్త కాదు, స్పెల్లింగు. పదం చివర్లో ఉంటేనే తీసేయాలి. నేను అంతే చేశా.

పేర్లు కాకుండా కోడ్ నంబర్లు వాడాల్సింది అనే వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ ఆ నంబర్లకి ముందు ఎవరో ఒకరు పేరు వెతకాలిగా.

ఇప్పుడు మా టెస్టులు అడ్మిన్ వాళ్ళ షీటునే యథాతథంగా చదువుతాయి, ఎవరూ చేత్తో టైపు చేయరు. ఫెయిలైతే పేరుతో పాటు పొడవూ, రెప్రూ చూపిస్తాయి. ఆ బగ్‌ని మళ్ళీ తెరిచి ఆ అమ్మాయి పేరు మీదే సరిచేశా. నేను రాసిన "బానే పనిచేస్తోంది" కింద తను ఒక్కటే రాసింది: "మీది రావిర్యాల కదండీ."