చెట్ల నీడన... గూడుబండి!

చుట్టూ ఆకాశాన్నంటే పైన్‌ చెట్లు. వాటి మధ్య కాస్త ఖాళీ జాగా. అందులో కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టు ఓ బుల్లి బండి. కిటికీకి పూల కర్టెను, లోపల పసుప్పచ్చని దీపం, గుమ్మం ముందు రెండు మడత కుర్చీలు. దగ్గరికెళ్లి చూస్తే కింద ఓ ఇరుసు, రెండు చక్రాలు. ఇంతకీ అది ఇల్లా, బండా? రెండూనూ! అరవై డెబ్భై ఏళ్ల కిందట కారు వెనక తగిలించుకుని ఊరూరా తిరిగిన ట్రావెల్‌ ట్రెయిలర్‌ అది. పూర్వం మనవాళ్లు తిరునాళ్లకు గూడుబండి కట్టుకుని వెళ్లినట్టే, అమెరికన్లు వీటిలో వంటసామాన్లు, పక్కబట్టలు సర్దుకుని సెలవులకు బయల్దేరేవారు.

ఇప్పుడు అక్కడ ఇలాంటి పాత ట్రెయిలర్లను వెతికి పట్టుకుని, బాగుచేసి, ఏ అడవి అంచునో పెట్టుకుని విడిదిల్లుగా మార్చుకోవడం చాలామందికి సరదా. ఫొటోల్లో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ ఆ ఫొటో వెనక నెలల తరబడి సాగిన ఓ పోరాటం ఉంటుంది. ఎవరితో అంటారా... ఓ నీటిచుక్కతో!

రేకు డబ్బాల యాత్రికులు

కార్లు వచ్చిన కొత్తలోనే అమెరికన్లకు రోడ్డు ప్రయాణాల పిచ్చి పట్టుకుంది. ఎక్కడ చీకటిపడితే అక్కడ గుడారం వేసుకుని, డబ్బాల్లో తెచ్చుకున్నది తిని పడుకునేవారు. అలాంటివాళ్లంతా కలిసి 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో 'టిన్‌ క్యాన్‌ టూరిస్ట్స్‌' పేరుతో ఓ సంఘమే పెట్టుకున్నారు. కారు రేడియేటర్‌ మూతకు ఓ రేకు డబ్బా అతికించుకోవడం వాళ్ల గుర్తు! తర్వాత్తర్వాత మూలపడిన ఆ సంఘం 1998లో మళ్లీ ఊపిరి పోసుకుంది. ఈసారి పాత ట్రెయిలర్లను ప్రేమించేవాళ్లంతా అందులో చేరారు.

గుడారాల స్థానంలో వచ్చినవే ట్రెయిలర్లు. వాటిలో రారాజు ఎయిర్‌స్ట్రీమ్‌. వాలీ బయామ్‌ అనే ఆయన స్థాపించిన ఈ కంపెనీ 1936లో 'క్లిప్పర్‌'ని తెచ్చింది. విమానంలా అల్యూమినియం రేకుల్ని రివెట్లతో బిగించిన ఆ బండి ధర అప్పట్లోనే 1200 డాలర్లు. 1963-64లో ఈ వెండిరంగు బళ్లు వరసకట్టి, సింగపూర్‌ నుంచి మన దేశం మీదుగా యూరప్‌ దాకా వెళ్లాయి. అంతెందుకు... 1969లో చంద్రుడి మీద కాలుపెట్టి వచ్చిన అపోలో 11 వ్యోమగాముల్ని భూమ్మీదకు రాగానే విడిగా ఉంచింది కూడా మార్పులు చేసిన ఓ ఎయిర్‌స్ట్రీమ్‌లోనే.

ఇక మధ్యతరగతి కుటుంబాల బండి అంటే శాస్తా లాంటివి. 1941లో సైన్యానికి వసతి కోసం మొదలైన ఈ కంపెనీ యుద్ధం తర్వాత సెలవుల బళ్ల తయారీలోకి దిగింది. వెనకవైపు చెరో పక్కన బుల్లి రెక్కలుండటం దీని ప్రత్యేకత. పక్కనుంచి చూస్తే మాంసం నిల్వచేసే డబ్బా ఆకారంలో కనిపిస్తాయని ఇలాంటి గుండ్రటి బళ్లకు 'క్యాన్డ్‌ హామ్‌' అని ముద్దుపేరు. అడవుల్లో విడిదిళ్లుగా మారుతున్నవాటిలో ఈ రకానివే ఎక్కువ.

రంగు కొత్తది... చెక్క పాతది

క్యాన్డ్‌ హామ్‌ బండిని కట్టిన తీరు చాలా తేలిక. బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల పల్చటి ప్లైవుడ్‌, ఆ రెంటి మధ్యా సన్నటి చెక్కలతో చేసిన చట్రం. మామూలు కారు కూడా లాగాలి కాబట్టి బరువు తగ్గించారు. సామాన్యుడు కొనాలి కాబట్టి ఖర్చూ తగ్గించారు. మనవల దాకా నిలవాలన్న ఆలోచనతో మాత్రం కట్టలేదు.

పైకప్పు రేకూ పక్క రేకూ కలిసేచోట మెత్తటి లప్పం పట్టీ పెట్టి, దానిమీద బద్దీ బిగించి మరలు కొట్టేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లప్పం ఎండి పగుళ్లిస్తుంది. వానపడ్డప్పుడల్లా ఓ చుక్క మర పక్కనుంచి లోపలికి జారుతుంది. పైన రేకు ఉంది కాబట్టి ఆ తడి ఆరదు. లోపల చెక్క బూజుపట్టి, మెత్తబడి, చివరికి చేత్తో నలిపితే పొడైపోతుంది. బయటికి మాత్రం బండి నిక్షేపంలా కనిపిస్తుంది!

మోసపోయేది ఇక్కడే. లేత నీలమో గులాబీయో రంగేసి, కొత్త కర్టెన్లు కట్టి అమ్మకానికి పెట్టిన బండిని చూసి మనసు పారేసుకుంటారు. ఇంటికి తెచ్చి ఓ మర విప్పగానే గోడ లోపలి చెక్క ముక్కలుగా రాలిపడుతుంది. అందుకే అనుభవజ్ఞులు బండి అందాన్ని చివర్లో చూస్తారు. ముందుగా చూసేవి మూలల్నే. ప్లైవుడ్‌ మీద నల్లటి మరకలుంటే నీళ్లు కారినట్టే. వెనక మూలల్లో నేలమీద కాలు వేస్తే మెత్తగా దిగిందంటే అడుగు పుచ్చినట్టే. బయటి బద్దీ మీది మరను తిప్పితే పట్టు లేకుండా గిరగిరా తిరిగిందంటే, వెనక దాన్ని పట్టుకోవడానికి చెక్కే మిగల్లేదన్నమాట. ఎయిర్‌స్ట్రీమ్‌లో గోడలకు చెక్క చట్రం ఉండదు. అయినా దాని నేల ప్లైవుడ్డే. అది పుచ్చితే, కింది ఇనుప చట్రం తుప్పుపడితే దాన్నీ విప్పదీయాల్సిందే.

కుళ్లిన చెక్కే కొలబద్ద

బాగుచేయడంలో మొదటి పని ఫొటోలు తీయడం. ఏ బద్దీ ఎక్కడిదో, ఏ అర ఎలా ఉందో అన్నీ తీసుకుని, విప్పిన ప్రతి ముక్కకూ చీటీ అంటించి దాచుకోవాలి. తర్వాత కిటికీలు, తలుపు, రేకులు ఒక్కొక్కటే ఊడదీస్తారు. చివరికి మిగిలేది చెక్కల అస్థిపంజరం. దాన్ని చూసి చాలామందికి గుండె జారిపోతుంది. సగం విప్పి షెడ్లో వదిలేసిన బళ్లు కోకొల్లలు.

చిత్రమేంటంటే, కుళ్లిపోయిన ఆ చెక్కల్ని వెంటనే పారేయకూడదు. ఆ వంపులకు కొలతలు ఏ పుస్తకంలోనూ దొరకవు. పాత ముక్కను కొత్త చెక్కమీద పెట్టి గీత గీసి, అదే ఆకారంలో కోసుకోవాలి. తాను పోతూ కూడా తన వారసుడికి రూపమిచ్చి పోతుంది పాత చెక్క. చట్రం సిద్ధమయ్యాక రేకుల్ని తిరిగి బిగిస్తారు. ఈసారి ఎండిపోయే లప్పానికి బదులు ఏళ్ల తరబడి సాగే గుణం పోని బ్యూటిల్‌ టేపు వాడతారు. ఆపైన గొట్టంతో నీళ్లు కొట్టి, లోపల ఎక్కడైనా తడి వస్తోందేమోనని గంటలకొద్దీ చూస్తారు. ఈ పరీక్ష నెగ్గాకే లోపలి అలంకరణ.

విద్యుత్తు తీగలు కొత్తవి వేయాల్సిందే. ఆనాటి చాలా బళ్లలో ఎర్తింగ్‌ ఉండేది కాదు. గ్యాసు గొట్టాల్ని మార్చి, నిపుణుడితో పరీక్ష చేయించాలి. పాత రంగును గీకేముందూ జాగ్రత్త అవసరం. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగుల్ని 1978లో నిషేధించారు. అంతకుముందువి వేసిన బండిని గీకితే ఆ ధూళి పిల్లలకు ప్రమాదం.

అన్నీ అయ్యాక బిర్చి ప్లైవుడ్‌ గోడలకు తేనెరంగు మెరుపు తెచ్చేది షెల్లాక్‌. అంటే మరేమిటో కాదు, మన లక్కే! మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగులిచ్చే జిగురు అది. ప్రపంచానికి లక్కను అందించే దేశాల్లో మనది ముందువరస. లాడ్‌బజార్‌ గాజులకూ ఏటికొప్పాక బొమ్మలకూ నిగారింపునిచ్చే లక్కే, అమెరికా అడవిలోని బుల్లి బండి గోడల మీదా మెరుస్తుంది.

ఆఖరి ప్రయాణం

బండిని అడవికి చేర్చే ప్రయాణం ఒక్కటే కావచ్చు. అయినా ఇరుసు, బేరింగులు, బ్రేకులు చూసుకోవాలి. టైరు మీద గాట్లు కనిపించకపోయినా వయసు చూడాలి. పక్కన ముద్రించిన కోడ్‌లో చివరి నాలుగంకెలు 2319 అయితే, అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. చేరాక బండిని సమంగా నిలిపి, బరువు టైర్ల మీద పడకుండా దిమ్మెల మీద ఎత్తాలి. ఎండుకొమ్మలున్న చెట్టు కింద పెట్టకూడదు. రాలిన ఆకుల్ని పైకప్పు మీద కుప్పపడనీయకూడదు. తడి ఆకుల కింద రేకు మళ్లీ కారడం మొదలవుతుంది.

అడవిలో పొంచి ఉండే మరో ముప్పు ఎలుక. పావు అంగుళం సందు చాలు, దూరిపోతుంది. కొన్ని జాతుల ఎలుకల మలమూత్రాల ద్వారా హంటా వైరస్‌ సోకుతుంది. 2012లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ పార్కులో పదిమందికి అది సోకి ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బసచేసిన గుడారపు గదుల గోడల మధ్య ఎలుకలు గూళ్లు కట్టుకున్నాయి. అందుకే చాన్నాళ్లు మూసి ఉంచిన బండిని తెరిచాక అరగంట గాలి ఆడనిచ్చి, ఎలుక పెంటికల మీద బ్లీచ్‌ నీళ్లు చల్లి, నానాకే తుడవాలి. చీపురు పెట్టి ఊడవకూడదు. చలికాలంలో అయితే అన్నీ మూసి గ్యాసు పొయ్యి వెలిగించుకుని పడుకోవడం ప్రాణాంతకం. కార్బన్‌ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం, ఓరగా తెరిచిన కిటికీ తప్పనిసరి.

ఇంత శ్రమపడితే దక్కేది పదో పదిహేనో అడుగుల గది. ఆ డబ్బుతో హోటల్లో ఎన్నో రోజులు ఉండొచ్చు కదా అనిపిస్తుంది. నిజమే! కొన్న ధరకన్నా బాగుకే ఎక్కువవడం ఇక్కడ మామూలు. ఆ సరదా మాత్రమే కావాలనుకునేవాళ్ల కోసం అరిజోనాలోని బిస్బీ ఊళ్లో 'షేడీ డెల్‌' లాంటివి పాత ట్రెయిలర్లనే గదులుగా మార్చి పేరు తెచ్చుకున్నాయి. కానీ స్వయంగా బాగుచేసుకున్నవాళ్ల లెక్క వేరు. ఆ బండిలో ప్రతి మర ఎక్కడుందో వాళ్లకు తెలుసు. ఏ చెక్క వెనక ఏం ఉందో తెలుసు.

ఓ రాత్రి అడవిలో వాన మొదలవుతుంది. చినుకులు రేకు మీద టపటపా మోగుతాయి. అరవై ఏళ్లుగా ఈ బండిని తినేసిన నీరే అది. లోపల దీపం కింద కూర్చున్నవాళ్లు ఓసారి తలెత్తి మూలకేసి చూస్తారు. ఎక్కడా తడి లేదు. దుప్పటి కప్పుకుని నిశ్చింతగా నిద్రపోతారు... బండి బాగైనట్టే!