తాగుడుకో తలుపు, మనసుకో తలుపు ఎందుకు?

బలసముద్రం అంటే ఇప్పుడు బయటివాళ్లకు గుర్తొచ్చేది సోలార్ పార్కే. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, బలసముద్రం, ఈ ఐదు ఊళ్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాల్లో పార్కు పరుచుకుంది. సామర్థ్యం 2,050 మెగావాట్లు. తొలి దశ 2018 మార్చి 1న ప్రారంభమైంది. ఎకరాకు ఏడాదికి రూ.21,000 కౌలుతో మొదలుపెట్టారు. భూమి ఉన్న ఇంటికి వాన పడినా పడకపోయినా కౌలు వస్తుంది. భూమి లేని కూలీకి కౌలూ లేదు, ఆ పొలాల్లో దొరికే కలుపు పని, కోత పనీ లేదు. ఒక ఇంట్లో డబ్బు ఉండి పొద్దు గడవదు, పక్కింట్లో పొద్దూ గడవదు, డబ్బూ లేదు.

తాగుడు పార్కు వచ్చాక పుట్టింది కాదు. కర్ణాటకలో 2007 జూలై 1 నుంచి సారా నిషేధం ఉంది. సారా పోయింది, సీసా మిగిలింది. ఇంట్లో ఒకరు తాగుడుకు బానిసైతే మనం దాన్ని సిగ్గుగా చూస్తాం, లేదా కొవ్వుగా చూస్తాం. అతనికి రాత్రి నిద్ర పడుతుందా, ఊరికే భయమేస్తుందా, ఎవరో తిడుతున్నట్టు చెవిలో మాటలు వినిపిస్తున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. అసలు సంగతి చాలాసార్లు అక్కడే ఉంటుంది.

దిగులు జబ్బు ఉన్నవాడు నిద్ర కోసం తాగుతాడు. మొదట నిద్ర పడుతుంది. కొన్నాళ్లకు ఆ మద్యమే నిద్రను చెడగొడుతుంది, దిగులు పెంచుతుంది. దాన్ని అణచడానికి ఇంకాస్త పోస్తాడు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంట్లోవాళ్లు తేల్చలేరు. డాక్టర్లకు ఒక పద్ధతి ఉంది. తాగుడు వల్లే వచ్చిన దిగులైతే మానేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందిలో తగ్గుతుంది. తగ్గకపోతే అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం కావాలి. ఆ వైద్యం అందకపోతే మానినవాడు మళ్లీ సీసా పట్టడానికి ఎంతో కాలం పట్టదు. అప్పుడు మనం 'వీడు మారడు' అంటాం. మారనిది మనిషి కాదు, వైద్యం అందని జబ్బు.

దేశం లెక్కలు చూద్దాం. కేంద్రం 2019లో విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యం విషయంలో సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. నిమ్హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కూడా మద్యం సమస్య ఉన్నవాళ్లలో 86 శాతానికి వైద్యం అందడం లేదని తేల్చింది.

వైద్యం లేని చోట ఒట్లు, దీక్షలు ఉన్నాయి. పావగడ శనిమహాత్ముడి గుడిలో ఒట్టు వేసినవాళ్లు, అయ్యప్ప మాల వేసుకుని మండలం పాటు చుక్క ముట్టనివాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ధర్మస్థల వారి మద్యవర్జన శిబిరాలు, తర్వాత నడిచే నవజీవన సమితులు ఎన్నో ఇళ్లను నిలబెట్టాయి. వీటిని మేము తక్కువ చేయం. మానాలన్న సంకల్పానికి తోడు కావాలి, అది ఇక్కడ దొరుకుతుంది. కానీ ఒట్టుకు ఫిట్స్ ఆగవు, మాలకు చెవిలో మాటలు ఆగవు.

ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం జరగొచ్చు. ఇది ప్రాణం తీసే స్థితి. దీన్ని గాలి సోకిందనుకుని పోగొట్టుకున్న రోజు మళ్లీ రాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరడం మనం చూశాం. దుకాణం మూయడం వేరు, మాన్పించడం వేరు అని ఆ వారంలోనే తెలిసింది.

చట్టం ఈ రెండు జబ్బుల్ని విడదీయలేదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే సేవలు అందుకోవడం హక్కు అంటుంది. జబ్బు గురించి, వైద్యం గురించి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటుంది. ఆచరణలో మాత్రం తలుపులు రెండు. డీఅడిక్షన్ సెంటర్‌కు వెళితే ముందు మనసు డాక్టరుకు చూపించమంటారు. అక్కడికి వెళితే ముందు తాగుడు మాన్పించి తీసుకురమ్మంటారు. రెండు తలుపుల మధ్య బస్సు చార్జీలు, కూలి పోయిన రోజులు మనవి.

ఇక్కడ మనకు ఇంకో చిక్కు. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. బజారు పనికి మనకు కన్నడ చాలు. కానీ 'గుండెలో దడ', 'బతకాలని లేదు' అనే మాట తల్లి భాషలోనే నోట్లోంచి వస్తుంది. పక్కనున్న మనిషి దాన్ని తర్జుమా చేస్తే సగం పోతుంది. ఆ పక్కనున్నది భార్యో, తమ్ముడో అయితే రోగి అసలు సంగతి చెప్పనే చెప్పడు.

మేము కోరేది పెద్దది కాదు. మనోచైతన్య పథకం కింద కర్ణాటకలో తాలూకా ఆసుపత్రులకు మంగళవారం మానసిక వైద్యులు రావాలని ఏర్పాటు ఉంది. పావగడలో ఆ రోజు తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఒకరు కూర్చోవాలి. తాగుడుకు, మనసుకు ఒకే చీటీ, ఒకే డాక్టరు ఉండాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి దేశమంతటా నమూనా అయింది 1980ల్లో నిమ్హాన్స్ మన బళ్లారి జిల్లాలో చేసి చూపించిన పనే. ఆ రాష్ట్రానికి ఇది చేతకాని పని కాదు.

ఇళ్లు చేయాల్సినవీ ఉన్నాయి. చాటుగా కాఫీలో, కూరలో మందు కలపొద్దు. దాని మీద తాగితే ప్రాణం మీదికి రావచ్చు, కొందరిలో మతి భ్రమ ఎక్కువవుతుంది. 'చచ్చిపోతా' అన్న మాటను తాగిన వాగుడని వదిలేయొద్దు. పురుగుమందు డబ్బా తాళంలో పెట్టండి. మానిన మనిషి ఒకసారి జారితే వైద్యం ఓడిందనుకోకండి. షుగర్ పెరిగితే మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లినట్టే వెళ్లాలి. ఏళ్లుగా నిద్రలేక ఉన్న ఇంటి ఆడవాళ్లకూ అదే రోజు చూపించండి.

టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు మాన్పించే సలహాకు 14446. ఈ రెండు నంబర్లూ ఇంటి గోడ మీద, క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి. మీ ఇంటికి అక్కర్లేకపోతే పక్కింటికి అక్కరకొస్తాయి.