క్షయకరణి: శబ్దార్థ విచారము

పరిశోధకులకు కలిదిండి రాజరాజనరేంద్రుని తామ్రశాసనము వలన సుపరిచితము. సామాన్యులకు నేడది కొల్లేటి ప్రాంతపు చేపల, రొయ్యల చెరువులకు పేరొందిన మండలము. శాసనపు రేకునకును చెరువు నీటికిని సంబంధమేమని అడుగవచ్చును. ఖనిజము నుండి రాగిని రాబట్టిన బొగ్గును, చెరువు అడుగున పేరుకొని నీటిలోని ఆక్సిజన్‌ను హరించు మేత, మలము మున్నగునవియు రసాయనశాస్త్రదృష్టిలో ఒకే కోవకు చెందును. తెలుగు పాఠ్యపుస్తకములు ఆ కోవకు పెట్టిన పేరు క్షయకరణి. ఈ పేరు వినిన బాలునకు స్ఫురించు అర్థమొకటి, శాస్త్రము చెప్పునది వేరొకటి. ఆ అంతరమును తొలగించు బాధ్యత రసాయనోపాధ్యాయులది మాత్రమే కాదు. శబ్దము సంస్కృతము గనుక ప్రాచ్యకళాశాలలది కూడ.

శబ్దనిష్పత్తి నిర్దుష్టము. ‘కృ’ ధాతువుపై కరణార్థమున ల్యుట్ ప్రత్యయము రాగా ‘కరణ’ యగును, స్త్రీలింగమున ‘కరణీ’, తెలుగున తత్సమమై తుదిదీర్ఘము హ్రస్వమగును. రామాయణమందలి విశల్యకరణి ఈ తీరుననే ఏర్పడినది. చిక్కంతయు పూర్వపదముననే యున్నది. తెలుగున క్షయ యనగానే మొదట తట్టునది వ్యాధి, పిదప నాశము. సంస్కృతమున క్షయశబ్దమునకు నివాసమనెడి అర్థమును కలదు గాని, దానిని ఇచటికి లాగుట క్లిష్టకల్పన.

ఆక్సిజన్‌ను తొలగించు పదార్థము క్షయకరణి యని పాఠశాలలో మొదట చెప్పు లక్షణము. తర్కదృష్టితో పరీక్షించినచో ఇది రెండు దోషములకు గురియగును. రొయ్యపిల్లల హేచరీలలో బ్లీచింగు పౌడరుతో నీటిని శుద్ధి చేసిన పిదప, మిగిలిన క్లోరినును పోగొట్టుటకు సోడియం థయోసల్ఫేటును వాడుదురు. అది తొలగించునది ఆక్సిజన్‌ను కాదు. అయినను అది క్షయకరణియే. కనుక లక్షణమునకు అవ్యాప్తి. నీటిలోనికి నైట్రోజన్ వాయువును బుడగలుగా పంపినచో, కరగియున్న ఆక్సిజన్ వెడలిపోవును. ఆ నైట్రోజన్ క్షయకరణి కాదు. కనుక అతివ్యాప్తి. ఎదుటి ద్రవ్యమునకు ఎలక్ట్రానులనిచ్చి తాను ఆక్సీకరణము పొందునది క్షయకరణి యనుటయే నిర్దుష్టలక్షణము.

అట్లైనచో క్షయము దేనికి? ఐరన్ ఆక్సైడు ఖనిజమున ఇనుము ఆక్సీకరణసంఖ్య 3. కొలిమిలో కార్బన్ మోనాక్సైడు వలన అది సున్నకు దిగును. తగ్గినది సంఖ్య, ఇనుము నశింపలేదు, లభించినది. ఈ మాట చెప్పకున్నచో విద్యార్థి తికమకపడును. చెరువునే చూడుడు. రాత్రివేళ కిరణజన్యసంయోగక్రియ నిలిచిపోవును. నాచు, చేపలు, సూక్ష్మజీవులు అన్నియు శ్వాసించుచునే యుండును. వేకువకు ఆక్సిజన్ అడుగంటగా చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచును. ఆక్సిజన్ తగ్గినది గనుక నీరు క్షయకరణము చెందినదని విద్యార్థి వ్రాయుట సహజము. నిజమునకు ఆక్సీకరణము పొందినవి సేంద్రియపదార్థములు. క్షయకరణము చెందినది ఆక్సిజనే.

మన రసశాస్త్రకారుల పరిభాష ఇందుకు భిన్నమైన మార్గమున నడచినది. వారు లోహమును భస్మము చేయుటను మారణమనిరి. భస్మమును నెయ్యి, తేనె, గురివింద, వెలిగారము, బెల్లము లేక గుగ్గులువుతో కలిపి మూసలో కాల్చి, లోహము మరల పుట్టనిచో అపునర్భవమనిరి. వెలిగారము ద్రవకారి మాత్రమే; కాలి బొగ్గగు తక్కినవి క్షయకరణులు. అనగా వారి దృష్టిలో ఈ క్రియ మృతలోహమునకు పునర్జన్మ. విచిత్రమేమనగా, ఐరోపీయులు వాడు రిడక్షన్ అను పదమునకు మూలమైన లాటిన్ ధాతువునకును వెనుకకు తోడితెచ్చుట యనియే అర్థము. తగ్గించుట యను అర్థము తరువాత వచ్చినది. తెలుగు పరిభాషలో నిలిచినది ఈ రెండవ అర్థమే.

అట్లని పేరు మార్పవలెననుట యుక్తము కాదు. పునర్లోహకరణి వంటి నూతనశబ్దము లోహములకు మాత్రమే చెల్లును. థయోసల్ఫేటు విషయమున మరల అవ్యాప్తియే. రూఢి యోగము కంటె బలీయమని శాస్త్రజ్ఞులెరుగుదురు. ఆమ్లములన్నిటను ఆక్సిజన్ ఉండునని లవోయిజే తలచుటచే దానికి ఆమ్లజని యను పేరు వచ్చినది. హైడ్రోక్లోరికామ్లమున అది లేదని 1810 నాటి డేవీ పరిశోధనలు తేల్చినను పేరు నిలిచినది. క్షయకరణియు అట్లే నిలువవచ్చును.

చేయవలసినవి రెండు. క్షయకరణి యన్న చోట ఆక్సీకరణసంఖ్యాక్షయమని వివరింపవలెను. బాయిలరు నీటి నుండి ఆక్సిజన్‌ను తీసివేయు సోడియం సల్ఫైటు వంటి వానిని ఆ పనినిబట్టి పేర్కొనునపుడు ఆక్సిజన్‌హారకమని వేరుగ వ్యవహరింపవలెను. ఆక్సిజన్‌హారకములన్నియు క్షయకరణులు కావు. క్షయకరణులన్నియు ఆక్సిజన్‌హారకములు కావు. ఈ వివేకము కలిగించుటకు నూతనపదములు అక్కరలేదు. పరిభాషానిర్మాణమున సంస్కృతజ్ఞుని పని పదమును ఇచ్చుటతో ముగియదు. ఆ పదము తరగతిలో కలిగించు భ్రాంతిని తొలగించుటయు అతని పనియే.