పేద దేశం అంటే సోమరి దేశమా?

పోస్టు జర పొడుగున్నది. పనులైనంక తీరికగ చదవండి.

వాట్సాప్‌ల ఒక మాట మళ్లీ మళ్లీ తిరుగుతున్నది. "అమెరికోళ్లు, జపానోళ్లు కష్టపడ్డరు, బాగుపడ్డరు. మనోళ్లు సోమరులు, అందుకే మన దేశం ఎనకబడ్డది" అని. బాధేందంటే, దాన్ని పంపుతున్నది మన పిల్లలే. తెల్లారకముందే కూరగాయలు మార్కెట్‌కు ఏసుకపోయే ఇండ్లల్ల పుట్టిన పిల్లలు! జవాబు చెప్పకుండ ఊకుంటే అదే నిజమనుకుంటరు. అందుకే రాస్తున్న.

కొన్ని దేశాలు ఎందుకు ధనికమైనయి, కొన్ని ఎందుకు పేదగ మిగిలినయి అన్నదానికి చదువుకున్నోళ్లు ముఖ్యంగ నాలుగు కారణాలు చెప్తరు. ఒక్కొక్కదాన్ని మన శంషాబాద్ కాడ నిలబెట్టి చూద్దాం.

మొదటిది, మనుషుల గుణం. దీనికి జవాబు మన ఎయిర్‌పోర్టే. గల్ఫ్ విమానాలకు లైన్ల నిలవడ్డోళ్లను చూడండి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు నుంచి అప్పు చేసి వచ్చినోళ్లు. ఇక్కడ మేస్త్రీ పని చేసినోడే దుబాయ్‌ల మేస్త్రీ పని చేస్తడు. అవే చేతులు, అదే తాపీ. కూలి మాత్రం పెరుగుతది. నాలుగు గంటల ప్రయాణంల సోమరితనం ఏడ దిగిపోయింది? బ్రాంకో మిలనోవిచ్ అనే ఆర్థికవేత్త లెక్క కట్టి చెప్పిండు: ప్రపంచంల మనుషుల ఆదాయాల మధ్య ఉన్న తేడాల, సగానికి మించి, వాళ్లు ఏ దేశంల ఉంటున్నరు అన్నదాంతోనే తేలిపోతదని. ఇగ చెమట ఏం చేస్తది?

రెండోది, నేల, ఎండ, వాన. జెఫ్రీ శాక్స్ లాంటోళ్లు ఇది చెప్తరు. కొంత నిజమే. బోర్ల మీద బోర్లు ఏసి దుమ్ము చూసినోళ్లం, నీళ్ల విలువ మనకు ఒకరు చెప్పాల్నా? కాని ఎండే కారణమైతే భూమధ్యరేఖ పక్కనున్న సింగపూర్ ఎట్ల బాగుపడ్డది? 1945ల రెండు ముక్కలైన కొరియాను చూడండి. ఒకే జాతి, ఒకే భాష. దక్షిణం కార్లు అమ్ముతున్నది, ఉత్తరం తిండికి తిప్పలు పడుతున్నది.

మూడోది, దోపిడి. బ్రిటిషోళ్లు మన సంపదను ఎట్ల తోడుకపోతున్నరో దాదాభాయి నౌరోజీ 1901ల పుస్తకమేసి లెక్కలతోని చూపెట్టిండు. తెల్లోళ్లు పోయిండ్రు గని ధరల దోపిడి పోలేదు. పచ్చి సరుకు అమ్మే దేశం, ఫ్యాక్టరీ సరుకు అమ్మే దేశం ముందు పోను పోను నష్టపోతదని 1950ల రౌల్ ప్రెబిష్, హాన్స్ సింగర్ చెప్పిండ్రు. మనకు చదవకున్నా తెలుసు. పురుగుల మందు డబ్బా మీద ఎమ్మార్పీ ఉంటది, మన పత్తి బోరెం మీద ఉండది. కొనేకాడ వాళ్ల రేటే, అమ్మేకాడ వాళ్ల రేటే.

అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ 2002ల ప్రపంచ వాణిజ్య సంస్థల కేసేసి గెలిచింది. 2014ల అమెరికా 30 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకున్నది. ఆ పైసలు బ్రెజిల్ పత్తి సంస్థకు పోయినయి. అదే మార్కెట్ రేటుకు అమ్ముకున్న మన పత్తి రైతుకు పైసా రాలేదు.

అయితే అంతా బయటోళ్ల మీదికే తోసేటోళ్లతోని కూడ నాకు పేచీ ఉన్నది. మన దిక్కు బ్రిటిషోళ్లు నేరుగ ఏలలేదు, నిజాం ఏలిండు. 1937 ఫిబ్రవరిల అమెరికా టైమ్ పత్రిక ఏడో నిజాం బొమ్మ అట్ట మీద ఏసి, ప్రపంచంలనే అందరికన్న ధనవంతుడన్నది. అదే కాలంల తెలంగాణ పల్లెలు దొరల గడీలల్ల వెట్టి చేస్తున్నయి. ఇంటి దొంగ సంగతి ఎవరు అడగాలె?

నాలుగోది ఇదే: చట్టం, కోర్టు, రికార్డు ఎవరి కోసం నడుస్తయి అన్నది. అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌కు 2024ల నోబెల్ వచ్చింది దీని మీదనే. దక్షిణ కొరియా 1950ల కుటుంబానికి మూడు హెక్టార్లు, అంటే సుమారు ఏడున్నర ఎకరాలు హద్దు పెట్టి, మిగతా భూమి దున్నేటోళ్లకు చేర్చింది. ఎనకనే పిల్లలకు బడి, ఫ్యాక్టరీలకు సర్కారు అండ. ఇయ్యాల పెనుకొండ కాడ కియా కార్లు చేస్తున్నది ఆ దేశపోళ్లే. మనకూ అదే 1950ల హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదార్ల 38-ఇ సర్టిఫికెట్ల పంచాయితీలు ఇంకా కోర్టులల్ల నలుగుతనే ఉన్నయి. వాళ్లు అమలు చేసిండ్రు, మనం ఫైలు చేసినం.

2008 మార్చిల మొదలైన మన ఎయిర్‌పోర్టుకు సుమారు 5,500 ఎకరాలు పోయినయి. అప్పుడున్నది 1894 నాటి భూసేకరణ చట్టం. రైతు ఒప్పుకోవాలె అన్న ముచ్చటే అందుల లేదు. తెల్లోడు రాసుకున్న ఆ చట్టాన్ని మనోళ్లు 2013 దాక నడిపిండ్రు. కొత్త చట్టం వచ్చినంకనే ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం, సర్కారు-ప్రైవేటు కలిసి చేసేదానికి 70 శాతం మంది ఒప్పుకోవాలన్న షరతు పడ్డది.

1996ల వచ్చిన 111 జీవో సంగతీ అంతే. జంట జలాశయాల కోసం 84 ఊర్లకు కట్టడి. నీళ్లను కాపాడుడు తప్పని నేను అంటలేను. కాని నీళ్లు తాగింది పట్నం, నష్టం మోసింది ఊరు. దానికి పరిహారం రాయాలని ఎవరికీ తోచలేదు. ధనిక దేశం, పేద దేశం నడుమ జరిగేదీ ఇసొంటిదే.

అందుకే నేననేది ఒక్కటే. మన పేదరికం మన చేతులల్ల లేదు, రూలు రాసేకాడ మనం లేకపోవుట్ల ఉన్నది. బయట రూలు మార్చుడు ఒక్క ఊరుతోని కాదు. ఇంటి రూలు మీదనన్న కూర్చుందాం. గ్రామసభ పెడితే పోదాం. మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలు అడిగితే గడువుల రాసిద్దాం. పాసుబుక్కుల తప్పుంటే ఇప్పుడే సరిచేయించుకుందాం. సంఘం కట్టి ఒక్క రేటు చెప్పి అమ్ముదాం. సర్కారు బడిల సార్లు లేకుంటే అందరం కలిసి అడుగుదాం.

ఈసారి ఆ మెసేజ్ వస్తే పిల్లలను ఒక్కటే అడగండి: విమానం దిగంగనే మనోని కూలి ఎందుకు పెరిగింది? జవాబు చెప్పినంకనే ఫార్వర్డ్ చెయ్యమనండి.